కడుపు, గుబులు: మా చేతిపుస్తకాన్ని సరిదిద్దిన వారందరికీ కృతజ్ఞతలు

ఆందోళనకీ, కడుపుకీ ఉన్న లంకె మీద మేం వేసిన 32 పేజీల చేతిపుస్తకం అచ్చయి వచ్చింది. ఇంటర్, గ్రూప్స్ కోచింగ్ హాస్టళ్లకు ఉచితంగా పంచుతున్నాం. ఇందులో సాయపడ్డ వాళ్లంతా పేర్లు వేయొద్దని ఒకే మాట మీద ఉన్నారు. సరే, పేర్లు వద్దు. ఎవరు ఏ వాక్యం కొట్టేసి ఏం రాశారో మాత్రం చెబుతాం. పుస్తకంలో నిజంగా పనికొచ్చేవి ఆ దిద్దుబాట్లే.

ముందుగా జీర్ణకోశ వైద్యులు, మా డాక్టరుగారికి నమస్కారాలు. మొదటి ప్రతిలో మొదటి పేజీలోనే ‘టెన్షన్ వల్ల కడుపునొప్పి వచ్చినట్టు అనిపిస్తుంది’ అని ఉంది. ఆయన ‘అనిపిస్తుంది’ మీద ఎర్రగీత పెట్టి ‘వస్తుంది’ అని రాశారు. నొప్పి నిజం. స్కానింగులో కనపడదు, అంతే తేడా.

ఎందుకు వస్తుందో ఆయన పక్కన మార్జిన్‌లో రాసిచ్చిన నాలుగు ముక్కలే ఇప్పుడు పుస్తకంలో రెండో అధ్యాయం. అన్నవాహిక నుంచి మలద్వారం దాకా పేగు గోడలోనే సొంత నరాల వల ఒకటుంది. అందులో 10 కోట్లకు పైగా నరకణాలు. జర్మన్ శాస్త్రవేత్తలు మైస్నర్ 1857లో ఒక పొరను, ఔవర్‌బాక్ 1862లో రెండో పొరను వర్ణించారు. ఈ వలకూ మెదడుకూ మధ్య తీగ లాంటిది వేగస్ నాడి. దాని పోగుల్లో సుమారు 80 శాతం కడుపు నుంచి మెదడుకు కబురు మోసేవే. కిందికి ఆజ్ఞలు తెచ్చేవి తక్కువ. అందుకే గుబులు కడుపును చెడగొట్టడమే కాదు, చెడిన కడుపు కూడా గుబులు పుట్టిస్తుంది. ఏది ముందు మొదలైందని వాదించుకోవడం దండగ, రెంటికీ వైద్యం చేయాలి.

భయం పుట్టగానే మెదడు విడుదల చేసే ఒత్తిడి రసాయనం జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తుంది, పెద్దపేగును మాత్రం పరుగెత్తిస్తుంది. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగకపోవడం, అదే గంటలో మూడుసార్లు బాత్రూముకు పరుగెత్తడం ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి గానీ రెండూ ఆ ఒక్క కారణం వల్లే. ఇక మూడో సంగతి: రోజుల తరబడి ఆందోళనలో ఉన్నవాళ్ల పేగుల్లో నరాలకు స్పర్శ పదునెక్కుతుంది. మలాశయంలో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపే పరీక్షల్లో, ఐబీఎస్ (పరీక్షల్లో లోపం కనపడకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడా వదలని పేగు జబ్బు) ఉన్నవాళ్లలో చాలామందికి మిగతావాళ్ల కంటే తక్కువ గాలికే నొప్పి మొదలవుతుంది. గ్యాస్ అందరికీ ఉంటుంది, దాన్ని పసిగట్టే నరమే వేరు.

ఆయన నిర్దాక్షిణ్యంగా కొట్టేసిన వాక్యాలు ఇంకో రెండున్నాయి. మొదటిది, ‘సంతోషాన్నిచ్చే సెరొటోనిన్ 90 శాతం కడుపులోనే తయారవుతుంది కాబట్టి కడుపు బాగుంటే మనసు బాగుంటుంది’. అంకె సరైనదే, ముగింపు తప్పు. పేగులో పుట్టిన సెరొటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటదు. దాని పని అక్కడే, పేగును కదిలించడం. (ఈ వాక్యం ఎన్ని వాట్సాప్ సందేశాల్లో తిరుగుతోందో లెక్కలేదు. మేమూ అక్కడి నుంచే ఎత్తుకొచ్చాం.) రెండోది, ‘టెన్షన్ పడితే అల్సర్ వస్తుంది’. మామూలుగా చూసే అల్సర్లకు ముఖ్య కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రల అతివాడకం. ఆ బ్యాక్టీరియాను బయటపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. అల్సర్ తేలిన మనిషిని ‘ఆలోచనలు తగ్గించుకో’ అని పంపేస్తే అసలు రోగం లోపలే ఉండిపోతుంది.

మాటలు పంపినవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. కడుపు బాధకు మీ ఊళ్లో ఏమంటారో రాయమని అడిగితే దేవుతోంది, తిప్పుతోంది, పేగులు మెలిపెడుతోంది, గుబగుబలాడుతోంది, పట్టేసింది, బిగదీసింది, సయించట్లేదు అంటూ కుప్పలుగా వచ్చిపడ్డాయి. వీటన్నిటి నెత్తినా కూర్చున్న మాట ఒకటి: గ్యాస్. తెలుగువాళ్ల నోట గ్యాస్ అంటే కనీసం ఐదు వేర్వేరు బాధలు. డాక్టరుగారు వాటిని విడదీసి ఇచ్చారు.

రొమ్ము ఎముక వెనక మంట, పుల్లటి తేన్పు, పడుకుంటే ఎక్కువవడం: ఇది ఆమ్లం పైకి తన్నడం. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయి పైకడుపు బరువెక్కడం: ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే పరీక్షల్లో లోపం కనపడని అజీర్తి. వరసగా ఇరవై తేన్పులు, వాసన లేకుండా: కడుపులో పుట్టిన గ్యాస్ కాదది, గాభరాలో మింగిన గాలి. పొట్ట కింది భాగంలో ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, విరేచనంతో దానికి లంకె: ఐబీఎస్ వైపు చూడాలి. ఐదోది అసలు కడుపుదే కాదు. ఛాతీలో బిగింపు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం. సోడా తాగి, వాము నమిలి గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు దీన్ని గ్యాస్ అనుకోకూడదు. ముందు ఈసీజీ, తర్వాతే గ్యాస్ మాట.

ఐబీఎస్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2016 నాటి అంతర్జాతీయ కొలమానం, రోమ్ 4 ప్రమాణాలున్నాయి. గత 3 నెలల్లో సగటున వారానికి కనీసం 1 రోజు కడుపునొప్పి ఉండాలి. విరేచనంతో ఆ నొప్పికి సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారో మారడం, మలం తీరు మారడం, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి. బాధ మొదలై 6 నెలలు దాటి ఉండాలి. పరీక్షకు ముందు నాలుగు రోజులు కడుపు పాడైతే అది ఐబీఎస్ కాదు. ఆ పేరు పిల్లలకు తగిలించొద్దని ఆయన రెండుసార్లు గుర్తుచేశారు.

మలం తీరు చెప్పడానికి సిగ్గుపడతారు కదా, దానికి 1997లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేసిన 7 రకాల పటం ఉంది. దాన్ని తెలుగు చేసిన పల్లెటూరి ఆశా కార్యకర్తకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాం. మేం ‘విడివిడి గట్టి ఉండలు’ అని రాస్తే ఆవిడ ‘మేక పెంటికలు అనండి, పాపం అందరికీ తెలుస్తుంది’ అంది. 1వ రకం మేక పెంటికలు, 4వది నున్నటి అరటిపండు, 6వది ముద్దపప్పు జారుడు, 7వది ఉత్త నీళ్లు. ఇప్పుడు కుర్రాళ్లు డాక్టరు దగ్గర ‘ఆరు సార్, రోజుకి నాలుగుసార్లు’ అంటున్నారు. అరనిమిషంలో పని అయిపోతోంది.

టెన్షన్ అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోవాల్సినవి వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేయించారు: మలంలో రక్తం, తారులా నల్లటి మలం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, జ్వరం, మింగుడు పడకపోవడం, రక్తహీనత, 45–50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలవడం, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ ఉండటం. నిద్రలోంచి లేపేయడం అన్నది ముఖ్యం. మనిషి నిద్రపోతే గుబులు పేగు కూడా చాలావరకు నిద్రపోతుంది. రక్తపరీక్షల్లో రక్తకణాలు లెక్కపెట్టే మామూలు సీబీసీ, ఒంట్లో వాపు చూసే సీఆర్‌పీతో పాటు గోధుమ పడకపోవడాన్ని చూసే టీటీజీ, ఇంకా థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ అడగమన్నారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండెదడ, చేతుల వణుకు, గాభరా, విరేచనాలు అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. చూడ్డానికి అచ్చం ఆందోళనే.

సైకాలజిస్టు మేడంగారి అధ్యాయం చదివిన హాస్టల్ వార్డెన్లు తమకే పనికొచ్చిందన్నారు. ఆవిడ మొదట పట్టుకున్నది ‘జాగ్రత్తల’ గురించి. బస్సెక్కే ముందు రెండుసార్లు బాత్రూముకు వెళ్లిరావడం, బయటికెళ్లే రోజు ఏమీ తినకపోవడం, ఎక్కడికెళ్లినా ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకోవడం. ఒక్కొక్కటీ తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కానీ ఏమీ కాకుండా ఇంటికి చేరిన ప్రతిసారీ మనసు ఆ పుణ్యం జాగ్రత్తకే కట్టబెడుతుంది, పేగుకి కాదు. భయం అలాగే ఉండిపోతుంది. ఆవిడ చెప్పిన విరుగుడు మెట్లుమెట్లుగా ఉంటుంది: ఆర్టీసీ బస్సులో మొదట ఒక్క స్టాపు, తిని మరీ ఎక్కాలి. గుబులుకు పదికి ఎన్ని మార్కులో వేసుకోవాలి. సగానికి దిగేదాకా అదే మెట్టు మీద ఉండి, తర్వాత మూడు స్టాపులు. పిల్లలు చేసే తప్పు, మొదటి రోజే విజయవాడ–హైదరాబాద్ బస్సెక్కేయడం. అది బెడిసికొట్టి ‘నాకు ఇదీ పనిచేయలేదు’ అనుకుంటారు.

ఊపిరి గురించి మేం ‘గట్టిగా గాలి పీల్చుకోవాలి’ అని రాశాం. ఆవిడ నవ్వేశారు. గట్టిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గాభరా ఇంకా పెరుగుతుంది. ఆవిడ పద్ధతి ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. ముక్కుతో 4 లెక్కపెట్టే వరకు మామూలు గాలే, బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది కదలకూడదు. పెదాలు కొంచెం మూసి 6 లెక్కపెట్టే వరకు వదలాలి. నిమిషానికి 6 ఊపిర్లు. పూటకు 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, భయం లేని వేళ. పరీక్ష హాలు గుమ్మంలో మొదటిసారి మొదలెడితే పనిచేయదు, రెండు మూడు వారాల ముందు నుంచే అలవాటవ్వాలి. భుజాలు లేస్తున్నాయంటే తప్పు చేస్తున్నట్టు. బొడ్డు మీద పల్చటి పుస్తకం పెట్టుకుంటే కంటికే తెలుస్తుంది. వరస తేన్పుల వాళ్లకు ఇదే మందు, ఎందుకంటే పొట్టతో ఊపిరి పీలుస్తూ గాలి మింగడం కష్టం.

డైరీ రెండు వారాలే రాయమన్నారు. టైము, తిన్నది, నిద్ర, గుబులు మార్కు, నొప్పి మార్కు, మలం నంబరు, ఆరే గడులు. నెలల తరబడి రాస్తే రోజంతా కడుపునే గమనించడం కొత్త జబ్బవుతుంది.

ఇక తిండి. డైటీషియన్‌గారూ, హాస్టల్ వంట మాస్టారూ కలిసి కూర్చోకపోతే ఈ అధ్యాయం ఉత్త అనువాదంలా మిగిలేది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన తక్కువ ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో, పేగులో పులిసి నీటిని లాగే కొన్ని చక్కెరలను 2 నుంచి 6 వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తినిచూస్తారు. తగ్గించాల్సిన వాటి జాబితా చూస్తే తెలుగు వంటిల్లు మూసుకోవాలేమో అనిపిస్తుంది: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, కాలీఫ్లవర్, పాలు, మామిడి, పుచ్చకాయ. అన్నం, క్యారెట్, దోసకాయ, నారింజ, బొప్పాయి మాత్రం హాయిగా తినొచ్చు.

వెల్లుల్లి లేని పోపు పోపే కాదని మాస్టారు భీష్మించుకున్నారు. దారి కూడా ఆయనే చూపించారు. వెల్లుల్లిలో బాధపెట్టే చక్కెర నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. వాసన మాత్రం నూనెకు పడుతుంది. కాబట్టి నాలుగు రెబ్బలు తొక్క తీసి, కచ్చాపచ్చాగా దంచకుండా ఒక్క దెబ్బ కొట్టి, సన్నటి సెగ మీద నూనెలో వేసి, లేత బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో మొత్తం తీసేయాలి. ఆ తర్వాతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. టమాటాగానీ చింతపండు పులుసుగానీ పడ్డాక వెల్లుల్లి అందులో ఉంటే చక్కెర నీళ్లలోకి దిగిపోయినట్టే, అప్పుడు రెబ్బలు ఏరేసి లాభం లేదు. ఈ నూనె ఏ పూటకాపూట చేసుకోవాలి. సీసాలో పోసి బయట నిలవ పెడితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల పచ్చ భాగం వాడొచ్చు, తెల్ల గడ్డ వద్దు.

పప్పుకూ ఇదే లెక్క. నానబెట్టిన నీళ్లు, ఉడికించిన నీళ్లు వంపేస్తే ఉబ్బరం తెచ్చే చక్కెర కొంత పోతుంది. ఈ లెక్కన ‘తేలికగా ఉంటుంది’ అని జబ్బు మనిషికి పెట్టే కట్టుచారులో ఉండేది సరిగ్గా ఆ వంపేయాల్సిన నీళ్లే! ఈ వాక్యం రాసినందుకు మాస్టారు మాతో ఒక పూట మాట్లాడలేదు. పాల కంటే పెరుగు చాలామందికి పడుతుంది, తోడులోని బ్యాక్టీరియా లాక్టోజును కొంత తినేస్తుంది కాబట్టి.

అయితే డైటీషియన్‌గారు ఈ పద్ధతిని చివర్లో పెట్టించారు, మొదట్లో కాదు. అంతకు ముందు చేయాల్సినవి చవకవి: మూడు పూటలా వేళకు తినడం, టీ కాఫీలు రోజుకు 3 కప్పులు దాటనివ్వకపోవడం, తెల్లవారుజామున 5 గంటల స్టడీ అవర్‌లో పరగడుపున టీ మానడం, పొద్దున అరగంట ముందు లేచి టిఫిను తర్వాత పెద్దపేగుకు తీరిక ఇవ్వడం. కారం పూర్తిగా మానక్కర్లేదు గానీ పేగు నరాలు పదునెక్కి ఉన్నప్పుడు ఎండుమిర్చి ఘాటు నొప్పిగా తెలుస్తుంది, సగానికి తగ్గించి చూడమన్నారు. ఆరు వారాల తర్వాత కూడా అన్నీ మానేసి కూర్చోవడం ఆవిడకు అస్సలు ఇష్టం లేదు. పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి కరువవుతుంది. పైగా ఆందోళన ఉన్న మనిషికి తిండి భయం తోడవుతుంది. బరువు తక్కువున్న పిల్లలకు, తిండికి భయపడుతున్న వాళ్లకు ఈ పద్ధతి మొదలే పెట్టొద్దని గడి కట్టించారు.

మందుల షాపు అన్నకు కృతజ్ఞతలు చెప్పకపోతే పాపం. తన వ్యాపారానికి చెరుపైనా నిజం చెప్పాడు. పాంటప్రజోల్ లాంటి గ్యాస్ గోళీ తిండికి 30 నిమిషాల ముందు వేస్తే బాగా పనిచేస్తుంది, అది తగ్గించేది ఆమ్లాన్ని, ఉబ్బరాన్ని కాదు. నెలల తరబడి వేసి ఠక్కున ఆపితే ఆమ్లం ఎగదన్నుతుంది, అప్పుడు ‘ఇది లేకపోతే బతకలేను’ అనిపిస్తుంది. అదే గోళీలో డోంపెరిడోన్ కలిసి ఉంటే, ఆందోళనకు ఎస్‌సిటాలోప్రామ్ వాడేవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు. రెండూ గుండె లయ మీద పనిచేస్తాయి. ఇంకొకటి, కడుపు పట్టేసినప్పుడు రాసే క్లిడినియం, క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిపిన మాత్ర. రెండో పేరు మత్తు జాతి మందు, అలవాటవుతుంది. పాత చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి కొనేవాళ్లకు అది ‘కడుపు మాత్ర’ మాత్రమే. చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

సైకియాట్రిస్టుగారు ఒకే ఒక పేజీ రాశారు, ఆ పేజీకే ఎక్కువ ఉత్తరాలు వస్తాయని మా అనుమానం. ఐబీఎస్‌కు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాస్తే చీటీ చూసి ‘నాకు పిచ్చి మందు రాశారు’ అని చించేస్తారు. ఆ మోతాదులో అది పనిచేసేది పేగు నరాల పదును మీద. బ్రిటన్‌లో మామూలు క్లినిక్కుల్లో 10 నుంచి 30 మిల్లీగ్రాములతో జరిపిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే మేలని 2023లో తేలింది. నోరెండటం, మగత, మలబద్ధకం వస్తాయి. అందుకే విరేచనాల వాళ్లకు నప్పినట్టు పెంటికల వాళ్లకు నప్పదు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ఆందోళనకు ఇచ్చే వేరే మాత్రలు మొదటి వారం, రెండు వారాలు కడుపులో తిప్పి, విరేచనాలు పెంచొచ్చు. ముందే చెబితే మానరు, చెప్పకపోతే మూడో రోజు చెత్తబుట్టలో ఉంటాయి. డాక్టరు దొరకని ఊళ్లలో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు పడవు.

చివరగా, అచ్చయిన ప్రతిని తీరిగ్గా చదివి ఒక పొరపాటు పట్టిచ్చిన రిటైర్డ్ నర్సమ్మగారికి. పేజీ 21లో ఇసబ్‌గోల్ దగ్గర ‘నీళ్లలో’ అన్న మాట ఎగిరిపోయి, ‘ఒక టీ స్పూను వేసుకోవాలి’ అని మాత్రమే ఉంది. పొడిగా వేసుకుంటే అది గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. పెద్ద గ్లాసు నీళ్లలో ఒక స్పూను కలిపి, చిక్కబడక ముందే తాగేసి, మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. వేరే మాత్రలకూ దానికీ 2 గంటలు ఎడం ఉండాలి. పుస్తకం ఇప్పటికే అందిన హాస్టళ్ల వాళ్లు దయచేసి ఈ రోజే పెన్ను తీసుకుని ప్రతి కాపీలో ఆ మాట రాసిపెట్టండి.